కాలిన పీఠం గుడ్డ

మా తెనాలి క్యాథలిక్ గుడి స్వర్ణోత్సవ సంచిక పోయిన నెల అచ్చయి ఇంటికొచ్చింది. అందులో మా మేనత్త గురించి రాసింది నేనే. 'వయోభారం వల్ల స్వచ్ఛందంగా సేవ నుంచి తప్పుకున్నారు' అన్న వాక్యమూ నాదే. అది అబద్ధం. అత్త తప్పుకోలేదు, తప్పించారు. అందుకు కారణం నేను. ఆ రోజు నోరు విప్పలేదు.

ముప్పై ఏళ్లు బలిపీఠం గుడ్డలు అత్తే ఉతికింది. పూజలో ద్రాక్షరసం పాత్ర తుడిచిన చిన్న గుడ్డల్ని ముందు విడిగా ఇత్తడి గిన్నెలో జాడించి, ఆ నీళ్లు గుడి వెనక మందార మొదట్లో పోసేది. పూజలో ఆ రసం క్రీస్తు రక్తమవుతుంది; అది అంటిన నీళ్లు మురుగులో కలవకూడదు. ఆ మందార పువ్వు కోస్తే ఫాదర్‌గారినైనా ఊరుకునేది కాదు. ఇంట్లో మామయ్య చొక్కాలు మాత్రం నలిగే ఉండేవి. దేవుడి బట్టలకైతేనే మీ అత్త ఇస్త్రీపెట్టె వేడెక్కుతుందిరా అనేవాడు.

పన్నెండేళ్ల కిందట, క్రిస్మసు ముందురోజు మధ్యాహ్నం మైకు బాగుచెయ్యబోయాను. అప్పుడు నేను గుడి వ్యవహారాలు చూసే విచారణ సంఘం కార్యదర్శిని. కరెంటు లేదు. వైరు కనపడక కొవ్వొత్తి వెలిగించి, పీఠం మీద పెట్టి, మరిచిపోయి బయటికెళ్లాను. తిరిగొచ్చేసరికి అత్త చేత్తో లేసు అల్లిన గుడ్డ జానెడు మేర నల్లగా కాలింది. ఫాదర్‌గారు అత్తతో అంటున్నారు: "చూసుకోవద్దామ్మా? ఇక ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోండి."

పండక్కి పీఠానికి కొత్త గుడ్డలు పట్టుకొచ్చిన ఆడవాళ్లంతా అక్కడే ఉన్నారు. అత్త నావైపు ఒకసారి చూసి, గుడ్డల బీరువా తాళం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నేను మైకు పట్టుకుని నిలబడ్డాను.

గురువు చెవిలో తప్పు ఒప్పుకునే పాపసంకీర్తనం చెయ్యకపోలేదు. మా ఫాదర్‌గారు గొంతు గుర్తుపడతారని బాపట్ల వెళ్లి చేశాను. ముందు ఆమెతో చెప్పు నాయనా అన్నారు అక్కడి గురువుగారు. ఆ మాటని బాపట్ల స్టేషన్లోనే వదిలేసి రైలెక్కాను.

సంచిక పట్టుకుని రేపల్లె వెళ్లాను. అత్త ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంటోంది. కళ్లజోడు పెట్టుకుని చదివింది. ఆ వాక్యం దగ్గర వేలు ఆగింది.

"అత్తా, ఆ కొవ్వొత్తి పెట్టింది నేనే."

"తెలుసురా. ఆ రోజు నీ చొక్కా చేతికి మైనం ఉంది. కాగితం వేసి ఇస్త్రీ చేస్తే పోతుందని నీ పెళ్లానికి చెప్పింది నేనేగా."

ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదన్నాను.

"నువ్వే చెప్తావనుకున్నా. ఆ ఏడాదంతా ఆదివారం పూజయ్యాక, అందరూ వెళ్లేదాకా వెనక బల్ల మీద కూర్చునేదాన్ని."

క్షమించమన్నాను. సంచిక మూసి నా చేతికిచ్చింది. "నాతో ఏంటిరా? నన్ను పొమ్మంది అందరి ముందు కదా."

పోయిన ఆదివారం ప్రకటనలయ్యాక మైకు ముందు నిలబడ్డాను. ఆనాటి ఫాదర్‌గారు పోయారు. ఆ ఆడవాళ్లలో ఇద్దరే మిగిలారు. మోకాళ్ల నొప్పులతో అత్త రాలేదు; వెనక బల్ల ఖాళీ. "గుడ్డ కాల్చింది నేను, మా అత్త కాదు. అత్తా, నన్ను క్షమించు" అన్నాను. ముందు వరసలో ఒకావిడ పక్కావిడని ఏ గుడ్డ అని అడిగింది. పన్నెండేళ్లకి, ఆ మాట ఎవరు వినాలో వాళ్లు గుడిలో లేరు.