బావకు నచ్చని హెక్స్ డ్రైవర్లు

మొన్న ద్వారకా నగర్‌లో కళ్లద్దాలు బాగుచేయించుకుని వస్తుంటే ఒక దుకాణం అద్దాల వెనక స్క్రూలు విప్పే హెక్స్ డ్రైవర్ల సెట్టు కనబడింది. ఎర్ర పిడులు, నల్లటి మొనలు, డబ్బా మీద 'జీవితకాలం మన్నిక' అన్న హామీ. ఎవరి జీవితకాలమో మాత్రం రాయలేదు. బావ పక్కనుంటే లోపలికి వెళ్లి సరిగ్గా అదే అడిగి ఉండేవాడు. నేనొక్కణ్ణే ఉన్నాను కాబట్టి కాసేపు నిలబడి చూసి ఆటో ఎక్కేశాను.

బావంటే మా అక్క భర్త. వావి ప్రకారం నేను ఆయనకు బావమరిదినే గానీ, మా వైపు మగవాళ్లు ఒకరినొకరు బావా అనుకోవడానికి వావి అడ్డురాదు. ఆయనా నన్ను బావా అనే పిలుస్తాడు. ఉక్కు కర్మాగారంలో ఫిట్టరుగా చేసి రిటైరై, మధురవాడలో ఫ్లాటు కొనుక్కుని, తోటివాళ్లంతా భజనల్లోకో వాకింగుల్లోకో దిగే వయసులో ఆయన రిమోట్ కార్లలోకి దిగాడు. పిల్లల బొమ్మలనుకునేరు! గేర్లు, ఇరుసులు, షాకబ్జార్బర్లు, అన్నీ అసలు కారుకున్నట్టే ఉంటాయి. అపార్ట్‌మెంటు వెనక ఖాళీ స్థలంలో ఎర్రమట్టి రేపుకుంటూ నడిపేవాడు. దాన్ని చూస్తే వాచ్‌మన్ కుక్క వెళ్లి మా అక్క కాళ్ల వెనక దాక్కునేది. నడపడం ఒక వంతైతే విప్పడం, బిగించడం మూడు వంతులు. వాటికి వాడేవి చిన్న చిన్న స్క్రూలు, తలలో ఆరు పలకల గుంట. డ్రైవర్ మొన ఆ గుంటలో నిండా కూర్చోవాలి. సరిగ్గా కూర్చోకుండా తిప్పామా, పలకలు చెరిగి గుంట గుండ్రమైపోతుంది. ఆపైన బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఆ స్క్రూ రాదు.

బావ స్క్రూలు అలా చెరగడం మొదలైంది. ఆయన వెంటనే డ్రైవర్ ఉక్కును అనుమానించాడు. ఉద్యోగమంతా ఉక్కు పక్కన గడిపిన మనిషి మరి దేన్ని అనుమానిస్తాడు? మంచి డ్రైవర్ ఎంచుకోవడానికి ఆయనకో పద్ధతుంది. మొన మీద ఆకురాయితో గీయాలి. ఆకురాయి కరిస్తే అది మెత్తటి ఉక్కు, జారిపోతే గట్టిది. మరీ గట్టిదైతే పుటుక్కున విరుగుతుంది, అదీ చూసుకోవాలి. పిడి అరచేతిని నింపాలి. గుండు మొనలున్నవి మూలల్లో తిప్పడానికి సులువే గానీ బిగుసుకున్న స్క్రూలకు పనికిరావు. ఇవన్నీ నిజాలే. ఈ నిజాలు పట్టుకుని ఇద్దరం వన్‌టౌన్‌లో పనిముట్ల దుకాణాలన్నీ తిరిగాం. బావ ఆకురాయి తీయగానే ఒక దుకాణం భాయ్ తలపట్టుకుని, "అరె సాబ్, గీత పెట్టీసి వద్దంటే మల్ల నాను ఎవులికి అమ్మాల?" అన్నాడు. బావ న్యాయమైన మనిషి, గీత పడినదాన్నే కొన్నాడు. వారం తిరక్కుండా దాన్నీ తిట్టాడు.

నాకు సంగతి తెలుసు. అక్కకూ తెలుసు. షుగరు పరీక్షకు వెళ్లినప్పుడు డాక్టరు బావ కుడిచేతిని గమనించి, అక్కను పక్కకు పిలిచి, ఇది వణుకు జబ్బని, మందులతో కాస్త నిదానిస్తుందే తప్ప పోయేది కాదని చెప్పాడట. అక్క ఆ మాట బావకు చెప్పలేదు. షుగరు మాత్రలతో పాటే ఆ మాత్రలూ వేస్తూ, కాఫీ గ్లాసు సగమే నింపి ఇస్తూ వచ్చింది. "ఆ డైవర్లనే తిట్టుకోనీరా. సెయ్యి పోనాదని తెలిస్తే మీ బావకింకేటి మిగుల్తాది?" అంది నాతో. అందుకే ప్రతి దుకాణానికీ వెంట వెళ్లాను. దొంగ ఉక్కును ఆయనతో కలిసి తిట్టాను కూడా. కలిసి తిట్టుకోవడంలో ఒక సుఖముంది. రోగం తగ్గదు గానీ పొద్దుపోతుంది.

చివరికి ఎక్కడినుంచో ఒక ఖరీదైన డ్రైవర్ తెప్పించాడు. దాని మొనను ఆకురాయి కరవలేకపోయింది. బావ మురిసిపోయాడు. ఆ సాయంత్రం హాల్లో కారు ఒళ్లో పెట్టుకుని, ఇంకా చెరగని ఒక స్క్రూ మీద మొన ఆనించాడు. అది గుంట అంచుల మీద టకటకా కొట్టుకుంటోంది గానీ లోపల కూర్చోవడం లేదు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని చూశాడు. అయినా కుదరలేదు. "కొలత తేడా ఉన్నాది దీన్లో. నువ్వు సూడు బావా, ఎంత లూజుగా ఉన్నాదో," అని నా చేతికిచ్చాడు. వంటింటి గుమ్మంలోంచి అక్క వద్దని కళ్లతో చెబుతోంది. నేను ఊరికే ఆనించాను, మొన గుంటలో కూర్చుంది. కూర్చున్నప్పుడు వచ్చే ఆ చిన్న చప్పుడు ఫిట్టరు చెవికి తెలుసు.

"తిప్పు," అన్నాడు. తిప్పాను, వచ్చేసింది.

బావ లేచి వెళ్లి, తిట్టి పారేసిన డ్రైవర్లన్నీ తెచ్చి ఒక్కొక్కటే నాకిచ్చాడు. అన్నీ పనిచేశాయి. పనిముట్టు పాడై ఉంటే బాగుండునని జన్మలో నేను కోరుకున్నది ఆ సాయంత్రమే. బావ తన కుడిచేతిని, అదెవరిదో అన్నట్టు కాసేపు చూసుకుని, "ఉక్కు మంచిదే బావా. ఒట్టి పున్నేనికి తిట్టీసినాను," అన్నాడు.

తర్వాత కారంతా నన్నే విప్పమన్నాడు. ఏ స్క్రూ ముందో, ఏది తర్వాతో చెబుతూ పక్కన కూర్చున్నాడు. మళ్లీ దాని జోలికి పోలేదు. ఇప్పుడు చొక్కా బొత్తాలు కూడా అక్కే పెడుతోంది. కాలం అన్నీ లాక్కుపోతుందంటారు గానీ నేను చూసింది వేరు. అది మన చేత్తోనే పక్కవాడికి ఇప్పించి, వాడు సులువుగా వాడుకుంటుంటే కూర్చుని చూడమంటుంది.