తర్వాతది చదవవే

పాపమ్మ టీచరు నోటికి తాడేపల్లిగూడెంలో జడవని వాళ్లు లేరు. ఆవిడ సందు మలుపు తిరిగిందంటే కూరగాయల బండివాడు పుచ్చు వంకాయలు గోనె కిందికి తోసేస్తాడు. ముప్పై నాలుగేళ్లు ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. డెబ్బై ఆరేళ్లొచ్చినా వేలెత్తిందంటే ఎదుటివాడు చేతులు కట్టుకోవలసిందే. అంతటి మనిషికీ ఒక్క పేరు గొంతుకకి అడ్డం పడేది. తండ్రి పేరు, దేవదానం. ఏ కాగితంలోనైనా ఆ గడి వస్తే రాసేది, రాసి పెన్ను మూత ఠపీమని పెట్టేది.

దేవదానం పెళ్లాన్నీ మూడేళ్ల పిల్లనీ గాలికొదిలేసి, ఇంకో ఆడదాన్ని వెంటేసుకుని ఖరగ్‌పూర్ పోయాడు. ఇది పాపమ్మ తల్లి యేసమ్మ చెప్పిన సంగతి. యేసమ్మ తాడేపల్లిగూడెం మిషను హాస్టల్లో వంటమనిషి. చంకలో పిల్లతో వచ్చి, ఆ వంటింట్లోనే ముసలిదైపోయింది. మొగుడి పేరు పలకడం తప్పని "మీ అయ్య" అనే అనేది. తిట్టడం మాత్రం తప్పనుకోలేదు. "ఎక్కడున్నాడో గానీ పురుగులు పడి పోతాడే మీ అయ్య" అనేది. ఆ తిట్లు వింటూ పెరిగింది పాపమ్మ. లేచిపోయినవాడి కూతురని ఏలూరు సంబంధం తప్పిపోయింది, భీమవరం సంబంధమూ తప్పిపోయింది. చివరికి ఇరవై ఏళ్లు పెద్దవాడైన రెండో పెళ్లివాడికి కట్టబెట్టారు. ఆయన మంచివాడే పాపం, కానీ కూతురు స్టెల్లాకి ఎనిమిదో ఏడు నిండకుండానే పోయాడు. ఇదంతా ఎవడి పుణ్యం? ఆ దేవదానం పుణ్యం. పాపమ్మకి అందులో ఏ అనుమానమూ లేదు.

స్టెల్లా కాలేజీ లైబ్రరీలో పని చేస్తుంది. ఒకరోజు భోజనాల దగ్గర, పాత పేపర్లన్నీ ఫొటోలు తీసి ఆన్‌లైన్లో పెడుతున్నారని చెప్పింది.

"ఏలూరు నుంచి వచ్చేదట, కొల్లేటి వాణి అని వారపత్రిక. అది కూడా పెట్టారమ్మా."

పాపమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. "అయితే ఆ దేవదానం ఎక్కడ చచ్చాడో చూడవే అందులో."

"చూసి ఏం చేస్తావు?"

"టికెట్టు కొనుక్కుని వెళ్లి ఆ మట్టి మీద ఉమ్మేసి వస్తాను. అది చెయ్యకుండా పోతే నాకు సమాధిలో కూడా నిద్ర పట్టదు."

కొల్లేటి వాణి ఆవిడకి కొత్త కాదు. శనివారం శనివారం హాస్టల్‌కి వచ్చేది. హాస్టల్ నడిపే దొరసానమ్మ చదివేశాక వంటింటికి చేరేది. అంట్లు తోమడం అయ్యాక ఆడవాళ్లంతా గోడకి జేరబడితే పాపమ్మ పైకి చదివేది. ఆ వంటింట్లో అక్షరమ్ముక్క వచ్చింది ఐదో తరగతి చదివే ఆ పిల్ల ఒక్కదానికే. అందరికీ గాలివాన కబుర్లు కావాలి, ధాన్యం ధరలు కావాలి. యేసమ్మకి మాత్రం ముందుగా వెనక పేజీ కావాలి. "ఎవరన్నా ఎవర్నన్నా ఎతుకుతున్నారేమో చూడవే ముందు" అనేది. తప్పిపోయినవాళ్ల కోసం వేసే ప్రకటనలు ఆ పేజీలో ఉండేవి. ఎంత తిట్టినా అమ్మ లోపల్లోపల ఆయన కోసమే ఎదురు చూస్తోందని పాపమ్మ అనుకునేది. అందుకే ఆయన మీద కోపం రెట్టింపయ్యేది.

రెండు నెలలు వెతికింది స్టెల్లా. దేవదానాలు కుప్పలు తెప్పలుగా దొరికారు. నిడదవోలులో కాంపౌండరు దేవదానం, ఏలూరులో సైకిలు పోగొట్టుకున్న దేవదానం, క్రిస్మస్ నాటకంలో హేరోదు వేషం కట్టిన దేవదానం. ఒక్కడికీ ఖరగ్‌పూర్‌తో పొంతన లేదు, వదిలేసిన పెళ్లామూ లేదు.

"నీకు వెతకడం చేతకాదు," అని తేల్చేసింది పాపమ్మ.

ఉక్రోషం వచ్చి స్టెల్లా పాస్టరు ఆనంద్ పాల్ గారిని పట్టుకుంది. బాప్తిస్మం పుస్తకంలో తాతయ్య సొంతూరేమన్నా రాసి ఉందేమో చూడమంది. ఆదివారం ఆరాధన అయ్యాక గుడిలోనే ఆయన పాత పుస్తకం చంకలో పెట్టుకుని పాపమ్మ దగ్గరికి వచ్చారు.

"టీచరుగారూ, ఒకసారి కూర్చోండి."

"కూర్చోమన్నారంటే మంచి మాట కాదన్న మాటే. నిలబడే వింటాను, చెప్పండి."

ఆయన వేలు పెట్టి చూపించారు. 1952లో ఉన్న పాదిరిగారి చేతిరాత. ‘గంగానమ్మ, ఇకమీదట యేసమ్మ. బిడ్డ పెద్దింట్లు, ఇకమీదట పాపమ్మ. ఊరు కొల్లేటిలో సన్నపులంక. భర్త పేరడిగిన, నోట పలుకరాదని ఆమె మిన్నకుండెను. గడి ఖాళీగా నుండరాదు గనుక దేవదానమని నేనే వ్రాసితిని.’

పాపమ్మ రెండుసార్లు చదివింది. తర్వాత నిజంగానే కూర్చుంది.

"నేనే వ్రాసితినా? ఆయనెవరండీ రాయడానికి!"

"ఆ రోజుల్లో అలా జరిగేదండీ. బాప్తిస్మంతో పాత పేర్లు పోయేవి. ఆవిడేమో భర్త పేరు పలకలేదు. బిడ్డకి తండ్రి పేరు లేకపోతే బళ్లో ఇబ్బందని..."

"డెబ్బై మూడేళ్లు మోశానండీ ఆ పేరు! నేను తిట్టిన తిట్లన్నీ ఎవరికి తగిలినట్టు? పుట్టనే పుట్టని వాడికా?"

ఆనంద్ పాల్ గారు పుస్తకం మూసి, ప్రార్థన చేద్దామా అన్నారు. పాపమ్మ వద్దండీ అంది. ఆవిడ నోటి వెంట ఆ మాట రావడం ఆ గుడిలో అదే మొదటిసారి.

పెద్దింట్లంటే కొల్లేటికోట అమ్మవారి పేరు. తనకి ఆ పేరుండేదని తల్లి మాటవరసకైనా అనలేదు. దారి పొడుగునా పాపమ్మ ఆ పేరు లోపల్లోపల అనుకుంటూనే నడిచింది. ఎక్కడో విన్నట్టే ఉంది, ఎక్కడో తెలియలేదు.

మర్నాడు స్టెల్లా సెలవు పెట్టేసి మధ్యాహ్నానికే ఇంటికొచ్చింది. తాతయ్య పేరు వదిలేసి, సన్నపులంక కోసం ప్రకటనల పేజీలు ఒక్కొక్కటే తిరగేసిందట. చెప్పులైనా విప్పకుండా తల్లి ఎదుట నిలబడింది.

"దొరికిందమ్మా. చదవనా?"

"నాకు చదువు రాదనుకున్నావా? ఇలా ఇయ్యి."

కళ్లజోడు పెట్టుకుని ఫోను దూరంగా పట్టుకుంది పాపమ్మ. బళ్లో పాఠం చదివినట్టు పైకే చదివింది.

‘వెతుకుచున్నాను. సన్నపులంక కాపురస్తుడు ఏడుకొండలు వ్రాయించునది. ఏడేండ్ల క్రిందట నా భార్య గంగానమ్మ, మా బిడ్డ పెద్దింట్లును తీసికొని ఇల్లు విడిచినది. మరుగుచున్న గంజి ఆమె వీపున పోసిన పాపిని నేనే. ప్రస్తుతము ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఏలూరు పెద్దాసుపత్రిలో ఉన్నాను. భార్య రానక్కరలేదు. బిడ్డను ఎవరిచేతనైనను పంపి ఒక్కమారు చూపించవలెను.’

ఒక్కమారు దగ్గర గొంతు ఆగిపోయింది. ఆ మాట దగ్గర ఇంతకు ముందు కూడా ఒకసారి ఆగింది తను. పదేళ్లప్పుడు, హాస్టల్ వంటింట్లో. ఈ పేపరు తను చదివిందే. ఈ ముక్కలే, ఇలాగే పైకి చదివింది.

యేసమ్మ అప్పుడు చాట ముందేసుకుని బియ్యం ఏరుతోంది. "పాపం కదమ్మా! ఆ పిల్ల వెళ్తుందంటావా?" అని అడిగింది పాపమ్మ. బియ్యంలో తల్లి వేళ్లు ఆగనైనా ఆగలేదు.

"ఎల్లదులే. తర్వాతది చదవవే."

ఆ సాయంత్రం హాస్టల్ పిల్లలంతా మోకరించినప్పుడు పాపమ్మ కళ్లు మూసుకుని ఏడ్చింది. పెద్దింట్లనే ఆ పిల్లని వాళ్ల నాన్న దగ్గరికి చేర్చు ప్రభువా అని ప్రార్థన చేసింది. గూడెం నుంచి ఏలూరు రైల్లో గంట.

తర్వాత రెండు శనివారాలు పేపరు చేతికి రాలేదు. పొయ్యి రాజుకోకపోతే అందులో పెట్టేశానంది యేసమ్మ. ఆ మీదట ఎవరెవర్ని వెతుకుతున్నారో చూడమని ఎన్నడూ అడగలేదు. పొయ్యిలో పెట్టిన ఆ రెండు పేపర్లూ ఇప్పుడు స్టెల్లా ఫోన్లో ఉన్నాయి. రెండింట్లోనూ అదే ప్రకటన ఉంది. నాలుగో వారం లేదు.

తల్లి వీపు మీద మచ్చ పాపమ్మకి తెలుసు. ముసలితనంలో తనే స్నానం చేయించింది. హాస్టల్లో గంజి వార్చేటప్పుడు ఒలికిందని చెప్పేది యేసమ్మ.

"అమ్మమ్మ తప్పేముందమ్మా?" అంది స్టెల్లా నెమ్మదిగా. "వీపు కాల్చినవాడి దగ్గరికి పిల్లనెలా పంపుద్ది?"

"పంపమని నేనన్నానా? గంజి పోశాడని చెప్తే నేనూ ఉమ్మేదాన్నిగా ఆయన మొహాన! లేచిపోయాడని ఎందుకు చెప్పాలి?"

"మొగుణ్ణి వదిలేసి వచ్చానంటే మిషనువాళ్లు తిరిగి పంపేస్తారని భయపడిందేమో."

"అప్పుడు భయం, సరే. నాకు యాభయ్యేళ్లొచ్చేదాకా బతికిందే! అప్పుడు ఎవరు పంపుతారు? పోనీ నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా. నా చేత చదివించింది. నా నోటితో నాకే చదివించి, ఎల్లదులే అంది. ఆవిడ ఒళ్లు కాలింది, కాదనను. నా బతుకెందుకు కాల్చాలే?"

పాపమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరి కోసం ఏడుస్తోందో తెలియక ఇంకా ఏడ్చింది. అంత నోరున్న మనిషికి తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. తండ్రిని తిడదామంటే తప్పు ఒప్పుకుని ఆసుపత్రి మంచం మీదున్నాడు. తల్లిని తిడదామంటే ఆ వీపు గుర్తొస్తుంది.

నవంబరు రెండున సమాధుల పండుగ వచ్చింది. గూడెం సమాధుల తోటలో అన్నిటికీ కొత్త సున్నాలు, చేమంతి దండలు, కొవ్వొత్తులు. ఏటా తల్లి సమాధికి పాపమ్మే ముందు నిలబడి సున్నం వేయించేది. ఈసారి స్టెల్లా వేయించింది. పాపమ్మ ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని, సంచిలోంచి కాగితం తీసింది. స్టెల్లా చేత ప్రింటు తీయించిన ప్రకటన అది.

పక్క సమాధుల దగ్గరివాళ్లు తిరిగి చూస్తున్నా లెక్కచెయ్యకుండా, పదేళ్లప్పటి లాగే మొదటి నుంచీ పైకి చదివింది. వెతుకుచున్నాను దగ్గర మొదలుపెట్టి, చూపించవలెను దాకా ఒక్క అక్షరం వదల్లేదు. చదివి, అలవాటు కొద్దీ ఆగింది.

"తర్వాతది లేదమ్మా. ఇదే ఆఖరిది," అంది. "నువ్వన్నట్టే అయింది. ఆ పిల్ల వెళ్లలేదు."

కాగితం నాలుగు మడతలు పెట్టి తన సంచిలోనే పెట్టుకుంది. కొవ్వొత్తి స్టెల్లా వెలిగించింది.