మా అప్ప చుట్ట అడిగిన వేళలు

శ్రీకాకుళం ఆస్పత్రిలో మా అప్ప మంచం కాళ్ల వైపు ఒక అట్ట వేలాడేది. ఆపరేషన్ అయిన రెండో రోజు దాని మీది కాగితంలో ఇంగ్లీషులో "నాట్ కోఆపరేటివ్" అని రాశారు. రోగి సహకరించడం లేదని అర్థమట, పక్క మంచం వాళ్లు చెప్పారు. నేను చదివింది మూడో తరగతే. ఇంగ్లీషు నాకు ఆమదాలవలస స్టేషన్లో వచ్చింది. చేపల బుట్టలు పెట్టుకుని బండి కోసం కూర్చున్నప్పుడు, బోర్డు మీద తెలుగు పేరు పక్కన ఇంగ్లీషు పేరు పెట్టుకుని కూడబలుక్కునేవాణ్ణి. ఈ ముసలాడికి చదవడం రాదులే అనుకున్నారు కాబోలు. బుట్ట మోసి ముగ్గురు తమ్ముళ్లను పెంచిన మనిషిని పట్టుకుని సహకరించదంటారా!

అప్ప అంటే మా పెద్దక్క. డెబ్బై ఎనిమిదేళ్లు. పెరట్లో బురదకు జారిపడి తుంటి ఎముక విరిగింది. కోసి లోపల కడ్డీ వేశారు. ఈ వారంలో లేచి నిలబడకపోతే ఇక మంచానికే అతుక్కుపోతుందని డాక్టరు నాతో చెప్పారు. ఆ మాట ఆమెకూ చెప్పాను.

"మంచంలో ఉంటే నన్నెవుడెత్తుతాడ్రా?" అంది.

అంది గానీ లేవలేదు. వ్యాయామం చేయించే అతను వాకర్ తెస్తే మొహం గోడవైపు తిప్పేసుకుంది. నొప్పా అని అడిగితే, "నేదు. ఒక సుట్ట ఇయ్యి" అంది.

ఆమె కాల్చేది అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుంటారు. సముద్రపు గాలికి ఆరిపోదు, నెత్తి మీద బుట్ట ఉన్నా చెయ్యి అక్కర్లేదు. మా వైపు ఆడవాళ్లకు అదే అలవాటు.

నేను అట్ట ఊడదీసి నర్సమ్మ దగ్గరకు పట్టుకెళ్లాను. నలభై ఏళ్ల మనిషి, గజపతినగరం వైపు ఆవిడ. రెండు రోజులు సెలవు పెట్టి ఆ పూటే వచ్చింది.

"ఏటమ్మా ఇది? మా అప్ప ఏటి సెయ్యనందని ఇలగ రాసినారు?"

ఆవిడ కోప్పడలేదు. కాగితాలు వెనక్కి తిప్పింది. "చేర్చుకున్న రోజు నొప్పి సంగతి ఎవరు సెప్పినారో సూడు తాతా."

కూడబలుక్కున్నాను, తెలియని మాటలకు ఆవిడే అర్థం చెప్పింది. గట్టి మనిషి, నొప్పి తెలియదు అని తమ్ముడు చెప్పాడని ఉంది. ఆ తమ్ముణ్ణి నేనే. చెప్పాను కూడా, గొప్పగానే చెప్పాను. టేకు చేప తోకలోని విషపు ముల్లు పాదంలో దిగినా ఆ పూటే సంతకు వెళ్లి సరుకంతా అమ్మేసి వచ్చిందని కథ కూడా వినిపించాను. దాన్ని పట్టుకుని, మత్తు దిగాక నొప్పి మందు "అడిగితే ఇవ్వాలి" అని రాసుకున్నారు. ఆమె అడగలేదు. వాళ్లు ఇవ్వలేదు. నా కోపం దిగలేదు గానీ ఎవరి మీద పడాలో తెలియలేదు.

నర్సమ్మ మంచం దగ్గరకు వచ్చింది. "మామ్మా, నొప్పి నేకపోతే సున్నా, ఓర్సుకోలేకపోతే పది. నీకెంత?"

"ఏటే గుంటా, లెక్కెట్టడానికి అవేటి, సేపలా?"

ఆవిడ నవ్వింది. చూపు మాత్రం అప్ప చేతి మీదే ఉంది. మంచం ఊచ పట్టుకున్న వేళ్లు పాలిపోయి ఉన్నాయి. నెత్తి మీద పంకా తిరుగుతూనే ఉంది, పై పెదవి మీద చెమట.

ఆవిడ ఫైల్లో గడులు గీసి ఉన్నాయి. రోగి చెప్పింది ఒక గడి, మనం చూసింది ఒక గడి, ఆ రెండూ చూసి బాధ ఏమిటని తేల్చుకున్నది మరో గడి. దానికి ఏం చేస్తాం, చేస్తే ఏమైంది అన్నవి ఆ తర్వాత. తేల్చుకున్న గడిలో అంతకుముందు ఎవరో "పడతానేమోనని భయం" అని రాశారు. ఆవిడ దాని కింద కొత్త వరస మొదలుపెట్టి, నన్నడిగింది.

"ఇంటికాడ సుట్టలెన్ని కాలుస్తాది తాతా?"

"రెండు. ఎండుసేపలు అమ్మొచ్చినాక ఒకటి, కూడు తిన్నాక ఒకటి."

"మరి ఇక్కడ పొద్దున్నుంచీ నాలుగుసార్లు అడిగింది."

అప్పుడు గుర్తొచ్చింది. ముల్లు దిగిన రోజు సంత నుంచి వచ్చి గుమ్మంలో కూలబడి వరసగా ఆరు చుట్టలు కాల్చింది. పాదం కుండలా వాచింది. ఎన్నో ఏళ్లుగా ఆ కథ నేను సంత దాకానే చెప్పుకుంటూ వస్తున్నాను.

ఆ మాట చెప్పేసరికి ఆవిడ నా చేతికి కాగితం ఇచ్చింది. "సుట్ట ఎప్పుడడిగిందో, దానికి ముందు మేవేటి సేసినామో రాయి."

మర్నాడు సాయంత్రం దాకా రాశాను. పక్క గుడ్డ మార్చినప్పుడు ఒకసారి. వ్యాయామం అతను కాలు వంచాక రెండుసార్లు. కట్టు విప్పినప్పుడు ఒకసారి. కదపకుండా వదిలేసిన మధ్యాహ్నం ఒక్కసారీ అడగలేదు.

"నన్ను కాపలా కాస్తన్నావేట్రా?" అంది అప్ప.

"నీ సుట్టలు లెక్కెడతన్నాను."

"ఒకటీ ఇయ్యకుండా లెక్కేట్రా, ఎదవా!"

ఆ కాగితం పట్టుకుని నర్సమ్మ డాక్టరు దగ్గరకు వెళ్లింది. ఆయన ఆర్డరు మార్చి రాశారు. అడిగినా అడగకపోయినా మందు వేళకు ఇవ్వాలి. వ్యాయామానికి అరగంట ముందు ఒకటి పడేలా ఆవిడ వేళలు సర్దింది. కట్టు మార్చే పని కూడా ఆ మందు పని చేస్తున్నప్పుడే పెట్టుకుంది. కాలు కింద తలగడ సర్దడం నాకు నేర్పింది.

ఆర్డరు మార్చిన మూడో రోజు అప్ప వాకర్ పట్టుకుని లేచింది. నాలుగడుగులు వేసి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఊరంతా తిరిగొచ్చినట్టు ఆయాసపడింది. సాయంత్రం నర్సమ్మ అటుగా వెళ్తుంటే తనే పిలిచింది.

"ఓలె గుంటా, తుంటికాడ సలుపుతన్నాది. ఆ మాత్రకి ఇంకా ఏలవనేదా?"

"ఎంత మామ్మా? పదికి?"

"ఆరెట్టుకో."

నర్సమ్మ వెళ్లాక అట్ట చూశాను. "నాట్ కోఆపరేటివ్" ఇంకా అక్కడే ఉంది. కొట్టెయ్యమని మళ్లీ గొడవకు వెళ్లాను.

"రాసింది కొట్టెయ్యకూడదు తాతా. కింద ఇంకోటి రాస్తాం."

కింద రాసింది ఆవిడ చేత అర్థం చెప్పించుకుని చదివాను. నాలుగడుగులు నడిచింది, నొప్పి ఆరు, రోగి స్వయంగా చెప్పింది అని ఉంది. వెనక కాగితంలో, నొప్పి తెలియదని తమ్ముడు చెప్పిన మాట కూడా కొట్టెయ్యకుండా అలాగే ఉంది.