పూతకు తొడగని సంచులు

కుట్టు మిషన్లు బాగుచేసే మేస్త్రిని వీధి వీధంతా ఘాటు బాబాయ్ అని పిలుస్తుంది. ఆ పేరు మిషన్ల వల్ల రాలేదు, డాబా మీద అతను పెంచే మిరప మొక్కల వల్ల వచ్చింది. మొదట్లో ఆ పిలుపు వినబడితే మేస్త్రి మీసం చాటున నవ్వుకునేవాడు. ఈ నాలుగేళ్లుగా మాత్రం ఎవరైనా అలా పిలిస్తే చెప్పులో రాయి పడ్డట్టు ఉంటోంది. ఎందుకో వీధికి తెలియదు. ఇంట్లో భార్యకు కూడా తెలియదు.

నిజానికి ఆ మిరప అతనిది కాదు, వదినది. పెళ్లై అత్తింటికి వస్తూ వదిన తన అమ్మ పెరట్లోని విత్తనాన్ని కొంగున ముడేసుకుని తెచ్చుకుంది. కాయ వేలెడు కూడా ఉండదు. పండితే నల్లగా కనబడేంత ఎరుపు. కొస కొరికితే చాలు, నషాళానికి అంటుతుంది. ఏటా మంచి మొక్కలు నాలుగు ఎంచి, మొగ్గలు విచ్చుకోకముందే కొమ్మలకు పలచటి గుడ్డసంచులు తొడిగేది. తేనెటీగ వాలకూడదు, పక్క మొక్క పుప్పొడి సోకకూడదు. పుప్పొడి సంచిలోనే రాలేలా రోజూ పొద్దున్నే ఆ కొమ్మల్ని వేలితో తట్టేది. పిందె పడ్డాక సంచి తీసి, ఆ కాయకు దారం కట్టేది. దారం కట్టిన కాయ జోలికి ఇంట్లో ఎవరైనా వెళ్లారో, ఆ రోజు వాళ్ల పని అయిపోయిందన్నమాటే. తల్లి పోయిన పన్నెండేళ్ల మరిదిని పెంచి పెద్దచేసిందీ ఆవిడే. కాబట్టి ఆ తిట్లలో పెద్దవాటా మన మేస్త్రిదే.

అన్న పోయాక వదిన ఎండ మొహం ఎరగని ఓ కింది వాటాలోకి మారింది. అక్కడ తులసి మొక్కే బతకలేదు, ఇక మిరప ఎక్కడ బతుకుతుంది. ఒకరోజు మరిదిని పిలిచి, గాజుసీసా నిండా గింజలు చేతిలో పెట్టింది.

"పోగొట్టకురా," అంది.

"నా ప్రాణం పోయినా దీన్ని పోనివ్వను వదినా," అన్నాడు మేస్త్రి. ఇలాంటి మాటలు అనడం చాలా తేలిక.

ఆ ఏడే పాపం మొదలైంది. నాలుగు గింజలు దాచుకుందామన్న ఆలోచనే లేకుండా సీసా మొత్తం ఒక్కసారే చల్లేశాడు. నీళ్లెక్కువై సగం నారు కుళ్లింది. మిగిలినవి బాగానే ఎదిగాయి. ఈలోగా విత్తనాల దుకాణంలో ఎరుపు, పసుపు కాప్సికం బొమ్మలు చూసి మనసు పారేసుకున్నాడు. డాబాకు అందంగా ఉంటుందని ఆ మొక్కల తొట్లు రెండు తెచ్చి సరిగ్గా మిరప మధ్యలోనే పెట్టాడు. సంచుల సంగతి గుర్తులేక కాదు. షాపులో మిషన్లు పది, గుడ్డ ముక్కలు బస్తాడు. ఎనిమిది సంచులు కుట్టడానికి పావుగంట పట్టదు. "రేపు కుడదాంలే" అని పన్నెండు రోజులు అన్నాడు. పూత అతని కోసం ఆగలేదు.

అయినా ఆ ఏటి కాయ కారంగానే వచ్చింది. వదిన అనవసరంగా కంగారు పడుతుందని మేస్త్రి లోలోపల తేలిగ్గా తీసుకున్నాడు. పాత మొక్కలన్నీ పీకేసి, వాటి కాయల్లోంచి గింజ తీసి మరుసటి ఏడు నాటాడు. కాప్సికం పుప్పొడి సోకి చెడింది కాయ కాదని, లోపలి గింజ అని, అప్పుడు గాని తెలియలేదు. కొత్త మొక్కలకు లావుపాటి లేతరంగు కాయలు వేలాడాయి. ఒకటి కొరికాడు. దోసకాయలా ఉంది. ఇంకోటి కొరికాడు, ఇంకో మొక్కదీ కొరికాడు. నోరు చల్లగా ఉంది, ఒళ్లంతా చెమటలు పట్టాయి.

ఏటా మొదట పండిన కాయ వదినకు చేరాలి. ఆవిడ కొస కొరికి, మంచినీళ్లు ముట్టకుండా, కళ్లు చెమ్మగిల్లేదాకా కూర్చుని "ఊఁ, మా అమ్మే," అంటుంది. అది అయితేనే ఆ ఏటికి మిరప వచ్చినట్టు. ఆ రోజు మేస్త్రి బజారుకు వెళ్లి, కూరగాయల గుట్టలన్నీ కెలికి, పొట్టిగా నల్లెరుపుగా ఉన్న కాయలు నాలుగు ఏరుకున్నాడు. వాటిని రుమాల్లో చుట్టుకుని వదిన ఇంటికి నడుస్తుంటే, ఎదురొచ్చిన ప్రతివాడూ రుమాలు వంకే చూస్తున్నట్టనిపించింది.

వదిన కాయను వేళ్ల మధ్య కాసేపు తిప్పి చూసి, కొరికింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కారంగానే ఉందిరా," అంది.

గండం గడిచిందని మేస్త్రి ఊపిరి పీల్చుకున్నాడు. అలా నాలుగేళ్లు గడిపాడు. ప్రతిసారీ ఇంటికొచ్చాక అద్దంలో తన మొహం తనకే చూడబుద్ధి అయ్యేది కాదు. మర్నాడు మళ్లీ మామూలే.

ఈ ఏడు వదిన మేనకోడలు ఫోను చేసింది. "మావయ్యా, కాలవ పక్కన అర ఎకరం దొరికింది. మొత్తం మా నాయనమ్మ మిరపే వేస్తాను. వచ్చే నెలలో వస్తా, విత్తనం తీసి ఉంచండి."

మేస్త్రి "సరేనమ్మా" అన్నాడు గాని, అన్నం సహించలేదు. నాలుగు బజారు కాయలతో వదినను మోసం చేయడం ఒక ఎత్తు. ఆ పిల్ల చెమటోడ్చి అర ఎకరం నిండా ఆ అబద్ధాన్నే పండించడం ఇంకో ఎత్తు. మూడోనాడు పొద్దున్నే వదిన ఇంటికి వెళ్లాడు. ఆవిడ మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"వదినా, నువ్విచ్చిన మిరప లేదు. నేను పోగొట్టాను. నీకు తెచ్చినవన్నీ బజారు కాయలు."

వదిన చేతిలోని దుప్పటి మడత పూర్తిచేసింది. "తెలుసు," అంది.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు తెచ్చిన మొదటి దొంగకాయ నుంచి. మన కాయకి తొడిమ కింద మెడ నొక్కినట్టుంటుంది. దానికి లేదు."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది మేస్త్రికి. చిన్నప్పుడు వీపు పగలగొట్టిన మనిషి ఇప్పుడు గొంతు కూడా పెంచడం లేదు. వదిన లేచి లోపలికి వెళ్లి, ఓ చిన్న రేకు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టింది. బూడిదలో కలిపిన గింజలు, పిడికెడు.

"నీకిచ్చిన రోజే పక్కన పెట్టా, ఎందుకైనా మంచిదని."

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. వదిన అతని మొహం చూసి తల అడ్డంగా ఊపింది.

"మిరప గింజ మూడేళ్లు మొలుస్తుంది. మహా అయితే నాలుగు. ఇవి తీసి ఆరో ఏడు."

అయినా తడిగుడ్డలో పరిచారు. మేస్త్రి రోజూ షాపు తెరవడానికి ముందు వచ్చి నీళ్లు చిలకరించేవాడు. పది రోజులకు ఉబ్బాయి. పదిహేను రోజులకు బూజు పట్టింది. ఇరవై ఐదో రోజున వదిన ఓ గింజను గోటితో నొక్కింది. లోపల గోధుమరంగు పొడి తప్ప ఏమీ లేదు.

"ఆ మొదటిసారే ఈ డబ్బా నా మొహాన కొట్టి ఉండొచ్చు కదా వదినా," అన్నాడు మేస్త్రి. "పోనీ ఇంకెవరికైనా ఇవ్వొచ్చు కదా."

"ఇస్తే, మరిది దగ్గరున్నాయిగా, మాకెందుకిస్తున్నావని అడుగుతారు. అప్పుడు నీ సంగతి చెప్పాలి. నలుగురిలో నిన్ను నిలబెట్టలేక ఊరుకున్నా." వదిన గుడ్డను చుట్టి పక్కన పెట్టింది. "నువ్వే వచ్చి చెప్తావనుకున్నా. ఏటా నువ్వు వస్తున్నావంటే, ఈసారి చెప్తాడులే అనుకునేదాన్ని. నువ్వు కాయ తెచ్చేవాడివి."

అమ్మ ఆనవాలుగా మిగిలిన ఆ గింజల్ని వదిన చేతులారా చావనిచ్చింది, మరిది పరువు పోకూడదని. మేస్త్రికి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోవడమంటే ఏమిటో యాభై రెండేళ్లకు తెలిసింది.

ఆ ఆదివారమే మేనకోడలు వచ్చింది. గింజలు పోసుకోవడానికి కొత్త డబ్బా కూడా తెచ్చుకుంది. మేస్త్రి నోరు తెరిచేలోపే వదిన అందుకుంది.

"విత్తనం లేదే అమ్మాయ్. మీ మావయ్య దాచమని నాకిస్తే, నేనే తడి తగిలే చోట పెట్టి పాడుచేశా. మతిమరుపు మనిషిని."

మేనకోడలు మొహం చిన్నబోయింది. "పోన్లే అత్తా, నువ్వు మాత్రం ఏం చేస్తావు," అంది.

ఆ మాటతో బతికిపోవచ్చు. నాలుగేళ్లు బతికినట్టే ఇంకో నలభై ఏళ్లయినా బతకొచ్చు. మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"మీ అత్త కాదమ్మా, నేను. పూతకి సంచులు కట్టకుండా పాడుచేసింది నేను. బజారు కాయలు తెచ్చి మీ నాయనమ్మ మిరపే అని అబద్ధమాడిందీ నేనే. మీ అత్త దాచుకున్న గింజలు చచ్చిపోయింది కూడా నా వల్లే."

"ఊరుకోరా," అంది వదిన మెల్లగా.

మేనకోడలు అతని వంక చూసింది. ఆ చూపుకు భయపడే ఇన్నాళ్లూ దాక్కున్నాడు. ఇప్పుడు తల వంచుకుని నిలబడ్డాడు.

"దుక్కి కూడా దున్నించేశాను మావయ్యా," అంది మేనకోడలు. "ఇప్పుడు పొలంలో ఏం వెయ్యమంటారు?"