పాప మోసుకెళ్లిన కబురు

మా అమ్మ చిన్నప్పుడు టెలిగ్రాములు మోసింది. వాళ్ల ఊరి పోస్టాఫీసు వాళ్ల వసారాలోనే నడిచేది. తంతి వస్తే పోస్టుమాస్టరు దాన్ని చదివి వినిపించి, అమ్మ చేతికిచ్చి చేలల్లోకి పరిగెత్తించేవాడు. ఒంట్లో బాగాలేదు, నిన్ను చూడాలంటోంది, వెంటనే రా. వాటిలో ఇంతే ఉండేది. చూడాలని వెళ్లిన ప్రతివాళ్లకూ వాకిట్లో పాడె కనిపించేది. చావు కబురును చావు అని చెప్పి పంపడం మా కడప వైపు ఇప్పటికీ లేదు.

అమ్మ ఇప్పుడు కువైట్‌లో, ముబారక్ అల్ కబీర్‌లో ఒక ఇంట్లో పని చేస్తుంది. నేనూ ఇక్కడే, సబ్హాన్‌లో ఏసీ టెక్నీషియన్‌ని. పని వేళల్లో అమ్మ ఫోన్ ఆ ఇంటి యజమానురాలి దగ్గర ఉంటుంది. ఇక్కడ ఆమెను మామా అంటారు.

ఈ వేసవిలో ఒక మధ్యాహ్నం చిన్నమ్మ ఫోన్ చేసింది.

"అవ్వ ఆస్పత్రిలో ఉండాదిరా. అక్క గొంతు వినాలంటాంది. ఎట్లన్నా ఫోన్ చేయించు."

అమ్మ ఫోన్‌కు చేస్తే ఎవరూ ఎత్తలేదు. పనిలో పర్మిషన్ అడిగి అమ్మ ఉండే ఇంటికి వెళ్లాను. ఇంట్లో ఆడవాళ్ల విందు. నన్ను లోపలికి రానివ్వరు. గేటు దగ్గరికి మామా చిన్న కూతురు వచ్చింది. ఆరేళ్ల పిల్ల. అమ్మ చేతుల్లో పెరిగింది కాబట్టి మా తెలుగే మాట్లాడుతుంది.

"ఏం అన్నా, వట్టి చేతుల్తో వచ్చినావా? సిగ్గు లేదా?"

"రేపు తెస్తాలే. మూడు మాటలు చెప్తా, వరసగా అమ్మకు చెప్పాల. అవ్వకు ఒంట్లో బాగలేదు. అమ్మతో మాట్లాడాలంటాంది. చిన్నమ్మకు ఇప్పుడే ఫోన్ చెయ్యాల."

వేళ్లు మడుస్తూ అప్పజెప్పింది. ఒక్క మాటా తప్పలేదు.

"ఖలాస్. నాకంతా వచ్చు, నువ్వు పో," అని లోపలికి పరిగెత్తింది.

అమ్మ వంటగదిలో ఆ మూడూ వింది. కొడుకు పనిరోజు వచ్చాడు, పసిపిల్లతో కబురంపాడు. అంతా అయిపోయిందనుకుంది. మామాను ఫోన్ అడగలేదు. విందు వడ్డించింది. గిన్నెలు కడిగింది. తలస్నానం చేసింది. సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక ఫోన్ చేతికొస్తే చిన్నమ్మను అడిగింది.

"అమ్మను ఎప్పుడెత్తుతారు?"

"అదేంది అక్కా! ఇప్పుడే కదా కన్ను మూసింది. ఇంతసేపూ ఫోన్ చెవి కాడ పెట్టించుకోనే ఉన్నింది. మోగిందా, మోగిందా అంటానే పోయింది."

శుక్రవారం అమ్మను కలిశాను. కళ్లు ఉబ్బి ఉన్నాయి. పాప సరిగా చెప్పలేదేమోనని నేనన్నాను.

"ఆ బిడ్డనేమీ అనొద్దురా," అంది. "మూడూ సక్కగా చెప్పింది. మాయమ్మ బతికుంటాదని నేనే నమ్మలేదు."