ఎవ్రితానియా జిల్లా, రాయచోటి తాలూకా

గ్రీసు దేశం గురించి జిలానీ బాషాకు తెలిసినంతగా రాయచోటి తాలూకా మొత్తం మీద ఇంకెవరికీ తెలియదు. ఇదేమంత గొప్పగా చెప్పుకోవలసిన సంగతి కాదు. కువైట్‌లో, అహ్మది అనే ఊళ్ళో ఒక కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో పదకొండేళ్ళు టీ కలిపినందుకు దక్కిన అదనపు సౌకర్యం అది. జీతం దినార్లలో ఇచ్చేవాళ్ళు, భూగోళం మాత్రం ఉచితంగా చెప్పేవాళ్ళు. చెప్పేవాడు పైపులైను ఇంజనీరు తనాసిస్. ఆఫీసులో అందరికీ తనాసీ సార్.

తనాసీ సార్‌ది ఎవ్రితానియా. గ్రీసు నడిబొడ్డున కొండలు తప్ప మరేమీ లేని జిల్లా. పొద్దున పదిన్నరకు, చక్కెర తక్కువ వేసిన టీ గ్లాసు చేతికి అందగానే ఆయనకు ఆ కొండలు గుర్తొచ్చేవి. కిటికీలోంచి చూస్తే చమురు ట్యాంకులూ ఇసుకా తప్ప ఏమీ కనిపించని ఆఫీసులో కూర్చుని మంచు గురించి మొదలుపెట్టేవాడు. చలికాలం మెడలోతు మంచు. కొండల మీద ఏడాది పొడుగునా పచ్చగా ఉండే సూదాకుల చెట్లు. బతుకుతెరువు మేకలు, కలప, చెస్ట్‌నట్ గింజలు. జిల్లా కేంద్రం కార్పెనీసి. నొమార్కిస్ అనే కలెక్టరును ప్రభుత్వం ఏథెన్సు నుంచి పంపుతుంది. పాపం, ఆయన వచ్చిన రోజే బదిలీకి అర్జీ పెట్టుకుంటాడు. నదికి అడ్డంగా పెద్ద డ్యాము కట్టారు. ఊళ్ళు నీళ్ళలోకి పోయాయి, కరెంటు పట్నాలకు పోయింది, మగవాళ్ళు ఓడలెక్కి పోయారు. మేకలు ఒక్కటే నిలకడగా ఉన్నాయట.

జిలానీకి ఇందులో కొత్త సంగతి ఒక్కటీ కనబడేది కాదు. మంచు తీసేస్తే అచ్చం తమ ఊరే. ఆ మాట చెప్పాలని నోరు తెరిచినప్పుడల్లా సార్ డ్యాము గేట్లు ఎత్తేసేవాడు.

"మాకాడ గూడా అంతే సార్," అని ఒకసారి ధైర్యం చేశాడు జిలానీ. హిందీ, ఇంగ్లీషు, అరబ్బీ మూడూ కలిపి వండిన భాషలో వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవారు. "కలెక్టరు కడపలో ఉంటాడు. ఎలక్షనప్పుడు ఒకతూరి జీపులో వచ్చినాడు, టైరు పంచరై పాయ. మళ్ళా రాల్యా. మా ఇంటామె మస్తాన్ బీ ఇంటెనకాల బాయి తవ్విస్తాండాది సార్. తొంబై అడుగులు పోయినారు. తడి గూడా తగల్లేదు."

"మా డ్యాము ఎత్తు నూట అరవై మీటర్లు," అన్నాడు సార్, గ్లాసు కింద పెడుతూ.

ఆ రోజుతో జిలానీకి జ్ఞానోదయమైంది. ఈ మనిషికి దేవుడు చెవులు ఇచ్చింది కళ్ళజోడు తగిలించుకోవడానికేనని ఖాయం చేసుకున్నాడు. తర్వాత కూడా ఊరి సంగతులు అప్పుడో మాట ఇప్పుడో మాట విసురుతూనే ఉండేవాడు, గోడకు చెప్పుకున్నట్టుగా. గోడ వింటుందని ఎవరనుకుంటారు?

చూడడానికి ఇద్దరూ తారుమారుగా ఉండేవాళ్ళు. జిలానీ పచ్చని ఛాయ, బూడిదరంగు కళ్ళు, ఊళ్ళో పిల్లికళ్ళ పఠాన్ అనేవాళ్ళు. తనాసీ సార్ పొట్టి మనిషి, ఒత్తు మీసం, ఇరవై ఏళ్ళు పైపుల వెంట ఎండలో తిరిగి మాడిన మొహం. ఆఫీసుకు కొత్తగా వచ్చినవాళ్ళు జిలానీకి సలాం కొట్టి సార్‌ను టీ అడిగిన సందర్భాలు రెండు మూడు ఉన్నాయి. అప్పట్లో అందరూ నవ్వుకున్నారు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం వచ్చింది. కంపెనీ యజమాని కుటుంబంతో సహా సౌదీకి వెళ్ళిపోయాడు. తొందరలో ఇనప్పెట్టె తాళం కూడా పట్టుకెళ్ళాడు, పనివాళ్ళందరి పాస్‌పోర్టులూ అందులోనే ఉన్నాయి. ఇఖామా, అంటే అక్కడ ఉండేందుకిచ్చే అనుమతి, రెన్యువల్ కోసమని వారం ముందు ఇచ్చిన తనాసీ సార్ పాస్‌పోర్టు కూడా అందులోనే పడి ఉంది. నెల తిరక్కముందే, కువైట్ ఇక దేశం కాదు, ఇరాక్‌లో పంతొమ్మిదో జిల్లా అని రేడియోలో చెప్పారు. రాత్రి పడుకున్న దేశం పొద్దున లేచేసరికి జిల్లా అయిపోయింది. దానికో కొత్త కలెక్టరు కూడా వచ్చాడు, ఈయన బదిలీ అడిగే రకం కాదు.

యూరపు వాళ్ళనీ అమెరికా వాళ్ళనీ పట్టుకుపోసాగారు. వాళ్ళను ఖైదీలు అనకూడదట, అతిథులు అనాలట. అతిథుల్ని ఇంట్లో దాచినవాళ్ళకు ఉరి అని చాటింపు వేశారు. అబూ హలీఫాలో జిలానీ ఉండే గదికి ఒక మధ్యాహ్నం తనాసీ సార్ వచ్చాడు. చేతిలో ఒక కాఫీ డబ్బా తప్ప మరే సామానూ లేదు. తన బిల్డింగులో తలుపులు పగలగొడుతున్నారని చెప్పి గుమ్మంలోనే నిలబడ్డాడు, లోపలికి రమ్మంటారో లేదో తెలియక.

గదిలో ఇంకో ఇద్దరు రాయచోటి వాళ్ళు, మాబు, పెంచల్.

"జిలానన్నా, తెలిసిపాయనంటే మనల్నందర్నీ ఏలాడదీస్తారు," అన్నాడు పెంచల్.

"నిజమేరా. అయితే ఏం జేద్దాం, టీ తాగి పోమందామా?" అన్నాడు జిలానీ.

అలా తనాసీ సార్ లుంగీ కట్టుకుని జిలానీకి పెద్దన్న అయ్యాడు. ఎవరైనా అడిగితే ఊరు రాయచోటి, పాస్‌పోర్టు కఫీల్, అంటే పని ఇచ్చిన యజమాని దగ్గర. అంతవరకే అనుకున్నారు. అంతకంటే లోతుగా ఎవరు అడుగుతారు?

సెప్టెంబరు మొదటి వారంలో ముందు మాబుకూ పెంచల్‌కూ, వెనకే జిలానీకీ బస్సులో చోటు ఖాయమైంది. బుధవారం బయల్దేరి, బాగ్దాద్ మీదుగా జోర్డాన్, అక్కణ్ణించి విమానంలో ఇంటికి. పాస్‌పోర్టు బదులు మన ఎంబసీ వాళ్ళు ఒక కాయితం ఇస్తామన్నారు. జిలానీ ఆ బుధవారాన్ని వేళ్ళ మీద లెక్క పెట్టుకుంటున్నాడు. ఊళ్ళో మస్తాన్ బీ తను బతికి ఉన్నాడో లేదో తెలియక ఏమైపోతోందోనని అతని ప్రాణం కొట్టుకుంటోంది.

సోమవారం పదకొండు గంటలకు, మాబు, పెంచల్ రొట్టెల కోసం వరసలో నిలబడడానికి పోయినప్పుడు, ఒక కెప్టెన్ ఇద్దరు సిపాయిలతో వచ్చాడు.

"పాస్‌పోర్టులు?"

"కఫీల్ కాడ," అన్నాడు జిలానీ పనివాళ్ళ అరబ్బీలో.

"కఫీల్ ఎక్కడ?"

"పారిపోయినాడు."

బిల్డింగు బిల్డింగంతా ఇదే జవాబు చెప్పి ఉంటుంది, కెప్టెన్ విసుగ్గా తల ఊపాడు. పాస్‌పోర్టు లాక్కుని దాచుకునే ఆచారం వల్ల కూలివాడికి మేలు జరిగిన రోజు చరిత్రలో ఇదొక్కటే కావచ్చు. కానీ కెప్టెన్ కదల్లేదు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"అన్నదమ్ములా?"

"ఔ. ఈయన పెద్దోడు."

"నేను బడిలో భూగోళం చెప్పేవాణ్ణి," అన్నాడు కెప్టెన్, ఆ ఉద్యోగం ఇంకా పోనట్టుగా. "పక్కవాడిది చూసి రాసేవాళ్ళని పట్టడం నాకు అలవాటు. ఒక్కొక్కరే మెట్ల మీదికి రండి. మీ ఊరు ఎలా ఉంటుందో చెప్పండి. ఇద్దరిదీ కలిస్తే నేను వెళ్ళిపోతాను."

కువైట్‌ను ఆక్రమించిన లక్ష మందిలో భూగోళం మాస్టారు ఒక్కడే ఉండి ఉంటే, ఆయన వెతుక్కుంటూ ఈ గదికే వచ్చాడన్నమాట.

ముందు తనాసీ సార్‌ను పిలిచారు. తలుపు మూశారు. జిలానీ సిపాయి ముందు కూర్చుని చెమటలు కక్కుతూ ఆలోచించాడు. సార్ ఏం చెప్తాడు? ఇంకేం చెప్తాడు, పదకొండేళ్ళుగా చెప్పిందే. ఆయనకు వేరే ఊరు తెలిస్తే గదా! తను రాయచోటి సంగతి చెప్తే ఇద్దరూ దొరికిపోతారు. కాబట్టి సార్ పాఠమే తనూ ఒప్పజెప్పాలి. ఆ లెక్కతో అతనికి కొంచెం ఊపిరాడింది.

పావుగంట తర్వాత సార్‌ను గదిలోకి పంపి అతన్ని పిలిచారు. జిలానీ మెట్ల మీద నిలబడి ఎవ్రితానియాను పొల్లు పోకుండా దించేశాడు. మెడలోతు మంచు, సూదాకుల చెట్లు, చెస్ట్‌నట్ గింజలు, నూట అరవై మీటర్ల డ్యాము, నీళ్ళలో మునిగిన ఊళ్ళు, పట్నాలకు పోయిన కరెంటు. బదిలీకి అర్జీ పెట్టుకున్న కలెక్టరును కూడా వదల్లేదు. పదకొండేళ్ళలో మొదటిసారి తనను ఎవరూ మధ్యలో ఆపలేదు. భయంలో కూడా అదొక సుఖంగా అనిపించింది.

కెప్టెన్ పెన్సిలు ఆపాడు. తర్వాత ముందు పేజీ తిప్పి చదివాడు.

"మీ అన్న ఏం చెప్పాడో విను. కొండలు, మేకలు, వేరుశనగ. వర్షం లేదు. కలెక్టరు కడప అనే ఊళ్ళో ఉంటాడు. ఒకసారి వచ్చాడు, జీపు టైరు పేలింది, మళ్ళీ రాలేదు. ఇంట్లో ఆడమనిషి పేరు మస్తాన్ బీ. ఆమెకు పొగ పడదు, అందుకని వంట బయట చేస్తుంది. ఇంటి వెనక బావి తవ్వుతున్నారు. తొంభై అడుగులు. తడి కూడా తగల్లేదు."

మస్తాన్ బీకి పొగ పడదని తనెప్పుడు చెప్పాడు? ఏ పదిన్నరకు, ఏ గ్లాసు అందిస్తూ అన్నాడో తనకే గుర్తు లేదు. గోడ విన్నది. ఒక్క ముక్క కూడా పారేసుకోకుండా విన్నది. జిలానీకి ఏడుపొచ్చింది, దాని వెంటే కోపం కూడా వచ్చింది. విన్నవాడు విన్నానని ఒక్క మాట అని ఉంటే ఈ గతి పట్టేదా?

"కొండలూ మేకలూ కలిశాయి. రాని కలెక్టరు కూడా కలిశాడు, వాడు అన్ని దేశాల్లోనూ ఉంటాడు," అన్నాడు కెప్టెన్. "కానీ ఒకరి ఇంట్లో నీటి చుక్క లేదు, ఇంకొకరి ఊరే నీళ్ళలో ఉంది. ఎండు కొండ మీద మెడలోతు మంచా? ఒకడు ఆ ఊరివాడు, ఒకడు కాదు." బూడిదరంగు కళ్ళలోకి సూటిగా చూశాడు. "అందులో మంచు నీది. నిజం చెప్పు, ఏ దేశం నీది?"

ఒక్క మాట చెప్తే చాలు. సిపాయిలు గదిలో ఉన్నాయన్ని తీసుకుపోతారు, బుధవారం బస్సు తనది. దాచినందుకు ఉరి అన్నారు గానీ, పట్టించినవాణ్ణి వదిలేస్తారని కూడా అన్నారు. నోటిదాకా వచ్చిన ఆ మాటను జిలానీ మింగేశాడు. తన ఇంటి బావి లోతు గుర్తుపెట్టుకున్న మనిషి ఈ భూమ్మీద మస్తాన్ బీ తర్వాత ఆయనొక్కడే.

"ఎవ్రితానియా," అన్నాడు. "గ్రీసు."

తనాసీ సార్ గదిలోంచి బయటకు ఉరికాడు. నేను గ్రీకువాణ్ణి, ఇతను మా ఆఫీసులో టీ చేసేవాడు అని అరబ్బీలో, ఇంగ్లీషులో, చివరికి తన భాషలో అరిచాడు. కెప్టెన్ ఆయన భుజం తట్టాడు. మస్తాన్ బీకి పొగ పడదని తెలిసిన మనిషి గ్రీకువాడా? పాపం, ఆశ్రయమిచ్చిన పెద్దమనిషి, ప్రేమ కొద్దీ అంటున్నాడు అనుకున్నాడు. ఆ ప్రేమ మెచ్చి, దాచినందుకు వేయాల్సిన ఉరి కూడా మాఫీ చేశాడు. మంచి మాస్టారే.

జిలానీ మూడు నెలలు బస్రా దగ్గర ఒక కరెంటు ఫ్యాక్టరీలో అతిథిగా ఉన్నాడు. బాంబులు పడితే ముందు వీళ్ళ మీద పడాలని అక్కడ పెట్టారు. ఏ దేశం జాబితాలోనూ అతని పేరు లేదు. తోటి అతిథులైన ఇంగ్లీషువాళ్ళూ జపానువాళ్ళూ మీ ఊరు ఎలా ఉంటుందని అడిగితే ఎవ్రితానియా గురించి చెప్పేవాడు. ఎవరూ సగం కూడా వినేవాళ్ళు కాదు. సార్ మీద అతనికి అప్పుడు జాలి కలిగింది.

డిసెంబరులో అతిథులందర్నీ వదిలేశారు. పాస్‌పోర్టు అహ్మదిలో ఉందంటే, అయితే పోయి తెచ్చుకోమని ఒక లారీ ఎక్కించారు. అబూ హలీఫాలో గది తలుపు తట్టేసరికి తనాసీ సార్ తీశాడు. గడ్డం పెరిగింది, ఒంటి మీద ఇంకా జిలానీ లుంగీనే ఉంది. మాబు, పెంచల్ ఆ బుధవారమే వెళ్ళిపోయారట. జిలానీ పేరు మీద వచ్చిన ఎంబసీ కాయితం అలమారలో మడత నలగకుండా ఉంది. ఆ కాయితం పట్టుకుని, ఆ పేరు చెప్పి బస్సెక్కి ఉంటే సార్‌ను ఎవరూ ఆపేవాళ్ళు కాదు. ఊరు ఎలా ఉంటుందని ఎవరైనా అడిగినా, ఆయనకు జవాబు కంఠతా వచ్చు.

సార్ జిలానీని కూర్చోబెట్టి స్టవ్ వెలిగించాడు. టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చాడు. తన అలవాటు కొద్దీ చక్కెర తక్కువ వేశాడు. జిలానీ రెండు గుటకలు తాగి, ఇక మంచు గురించి మొదలవుతుందని ఎదురుచూశాడు.

"బావిలో నీళ్ళు పడ్డాయా?" అని అడిగాడు సార్.

"తెలీదు సార్. జాబు లేదు గదా," అనబోయాడు జిలానీ. గ్లాసు నేల మీద పెట్టి మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.