కిష్టవ్వ బొడ్డు సర్దని రోజు

మెదక్‌లో మా వాడవాళ్లకు కడుపునొప్పి వస్తే ముందు కిష్టవ్వ గడప తొక్కేవాళ్లు, దవాఖాన ఆ తరువాతే. బొడ్డు చోటు తప్పి జరిగితే నొప్పి లేస్తుందని నమ్మకం, దాన్ని సర్దడం ఆమెకు అత్తగారు నేర్పిన విద్య. పరగడుపున వెల్లకిలా పడుకోబెట్టి, ఆముదం రాసి, బొడ్డు చుట్టూ వేళ్లతో మెల్లగా ఒత్తేది. బొడ్డు మీద చిన్న దీపం పెట్టి, పైన చెంబు బోర్లించేది. లోపల దీపం ఆరిపోయి చెంబు కడుపును గట్టిగా పట్టుకునేది. అది వదిలేసరికి చాలామందికి నొప్పి కూడా వదిలేది.

ఎస్టీడీ బూత్‌లు కొత్తగా వచ్చిన కాలంలో ఆమెకే నొప్పి లేచింది. కుడివైపు, కింద. బొడ్డే జరిగిందనుకుని తన చెంబు తనే బోర్లించుకుంది. నొప్పి తగ్గకపోగా జ్వరం తోడైంది. భర్త ఎల్లం రిక్షాలో తీసుకుపోతే, డాక్టరు చూసి ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి అన్నాడు. అపెండిక్స్ వాస్తే మనవాళ్లు అనే పేరు అదే.

వెన్నులో సూది వేశారు. నడుము కింది ఒళ్లు ఇంకెవరిదో అయిపోయింది, మనసు మాత్రం మేలుకునే ఉంది. ఆ సంగతి ఎప్పుడు చెప్పినా కిష్టవ్వ కళ్లు సగం మూసుకుంటుంది. నెత్తి మీద చందమామంత దీపం. డాక్టరు కోస్తూనే నర్సు ఎలిశిబాతో పాత కథలు చెబుతున్నాడట. రెండువందల యేళ్ల పైచిలుకు కింద, మత్తుమందే లేని రోజుల్లో, లండన్‌లో గుండుసూది మింగిన ఒక పిల్లవాడికి మొదటిసారి ఈ పేగుతోకను కోసి తీశారట. వాడు బతికాడట. ఆ తరువాతెప్పుడో అక్కడి రాజుకు పట్టాభిషేకం ముందు ఇదే నొప్పి వస్తే, పండుగ ఆపి చీము తీశారట.

"గా రాజు నా పక్కనే పండుకున్నట్టనిపించింది బిడ్డా," అంటుంది. "కిరీటం కాళ్లకాడ పెట్టుకున్నడు. మన ఖిల్లా మీదికెల్లి సల్లగ గాలొస్తుంది. మీ దిక్కు బొడ్డు సర్దెటోళ్లు లేరా అయ్యా అని అడిగిన. ఎలిశిబమ్మ కిలకిల నవ్వింది."

కుట్లు విప్పేటప్పుడు డాక్టరు నవ్వలేదు. ఇంకాస్త ఒత్తి ఉంటే లోపలే పగిలి ప్రాణం పోయేదన్నాడు. అప్పటినుంచి ఎవరొచ్చినా కిష్టవ్వ ముందు కుడికాలి మీద ఎగరమనేది. ఎగిరితే కుడివైపు పొడిచి ఎగరలేనివాళ్లను ముట్టేది కాదు, దవాఖానకే పొమ్మనేది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో ఒకనాడు, పొద్దున్నే హవేలిఘనపూర్ నుంచి మేనకోడలు చంద్రిక తన కూతురు కావ్యను ఆటోలో తీసుకొచ్చింది. బస్సుల్లేవు. ఆటో కూడా బతిమాలితే వచ్చింది.

"అత్తా, జర బొడ్డు సర్దు. రాత్రికెల్లి ఒక్కటే ఏడుపు."

"ఎగురు బిడ్డా," అంది కిష్టవ్వ. కావ్య ఎగరబోయి, కడుపు పట్టుకుని కుప్పలా కూర్చుంది.

"నేను ముట్ట. దవాఖానకు పోదాం పా."

"కోతకా? బంద్‌ల ఏ దవాఖాన తెరిచుంటదే? ఊరందరికి సర్దుతవు, నా బిడ్డకే నీ చేతులు రావా?"

"నా చేతులకు తెల్వంది నా కడుపుకు తెల్సు. ఎక్కు ఆటో."

"నా పొల్లకేమన్న అయితే మాత్రం..." అని ఆగిపోయింది చంద్రిక. కావ్యను ఎత్తి వెనక కూర్చోబెట్టి, తను ముందు డ్రైవరు పక్కన ఎక్కింది.

పెద్దరోడ్డు మీద సమ్మెవాళ్ల వంటా వార్పు నడుస్తోంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, పొగలో ఊగే డప్పులు, బంతుల్లో కూర్చున్న జనం. కిష్టవ్వ ఒడిలో తలపెట్టుకున్న కావ్యకు అది ఎవరిదో పెళ్లిలా కనిపించిందట. గరిటె పట్టుకున్న ఒకాయన ఆటోకు అడ్డమొచ్చాడు.

"బండ్లు నడవయక్కా ఇయ్యాల. దిగుండ్రి, పొల్లకింత బువ్వ పెడ్తం."

"బువ్వ వద్దు నాయినా, నీళ్లు గూడ వద్దు. కడుపు కోస్తరు, ఉత్త కడుపుతోనే పోవాలె. జర తొవ్వియ్యుండ్రి," అంది కిష్టవ్వ.

ఆయన వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. డప్పు ఆగింది. ఇద్దరు గుండిగ దించారు, ఇంకొకరు మండే కట్టెలు పక్కకు లాగారు. బంతిలోవాళ్లు విస్తర్లు ఎత్తిపట్టుకుని లేచి నిలబడ్డారు. ఆ పొగ నడుమ నుంచి ఆటో నీళ్లలో పడవలా మెల్లగా పోయింది.

ఒక ప్రైవేటు దవాఖాన తెరిచే ఉంది. కావ్యను లోపలికి తీసుకుపోయాక బెంచీకి ఆ కొసన చంద్రిక, ఈ కొసన కిష్టవ్వ కూర్చున్నారు. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి జారి నేల మీద పాకుతోంది. చాలాసేపటికి డాక్టరు బయటికొచ్చాడు.

"కోసి తీసేసినం, పిల్ల బాగుంది. పగిలేటట్టే ఉండె. ఎవరూ కడుపు ఒత్తలేదు కదా?"

"లేదు సార్," అంది చంద్రిక. "ఒత్తుమన్నా ఒత్తలే."

డాక్టరు వెళ్లిపోయాడు. చంద్రిక బెంచీ మీద జరుగుతూ జరుగుతూ ఈ కొసకు వచ్చి, కిష్టవ్వ తొడ మీద తల పెట్టింది.

"ఏమే, ఒక మాటన్న అనవా?"

"జర పండనియ్యత్తా," అంది చంద్రిక, కళ్లు మూసుకునే.